మిడిల్‌సెక్స్ కౌంటీలో పాత ఫ్యాక్టరీలు, రేవులు, బజార్లు: వెతకడం నుంచి రికార్డు చేయడం దాకా

న్యూజెర్సీలోని మిడిల్‌సెక్స్ కౌంటీలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఎడిసన్, ఐసెలిన్, పిస్కాటవే, సౌత్ బ్రన్స్‌విక్, మన్రోల్లో ఉండేవాళ్లు తరచూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "మా ఇంటికి దగ్గర్లో ఏదో పాత మిల్లు ఉంది, పాత కాలువ ఉంది. దాని సంగతి సరిగ్గా తెలుసుకుని రాసి పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" కొందరికి పిల్లల స్కూలు ప్రాజెక్టు కోసం కావాలి, కొందరికి సొంత ఆసక్తి. ఇద్దరికీ పద్ధతి ఒకటే.

ముందు మ్యాపు, తర్వాత కాగితం, ఆ తర్వాత చోటు, చివరికి మనుషులు. ఈ వరస మార్చవద్దని గట్టిగా చెబుతాను. ముందే చోటుకి వెళ్తే నిలబడి ఉన్న గోడలు మాత్రమే కనిపిస్తాయి. ఈ కౌంటీలో పాత పరిశ్రమల్లో ఎక్కువ భాగం గోడలు కూడా మిగలకుండా పోయాయి. అక్కడ ఏముండేదో తెలిసి వెళ్తేనే మిగిలిన ఆనవాళ్లు కంట పడతాయి.

## 1. ఒక్క చోటు ఎంచుకోండి

కౌంటీ మొత్తం రాయాలని మొదలుపెట్టినవాళ్లు మధ్యలోనే వదిలేస్తారు. ఒక్క ఫ్యాక్టరీ, ఒక్క రేవు, లేదా బజారులో ఒక్క బ్లాకు చాలు. మొదటిసారి చేసేవాళ్లకు పనికొచ్చే చోట్లు కొన్ని:

- డెలావేర్ అండ్ రారిటన్ కాలువ. 1830-34 మధ్య తవ్వారు. బోర్డన్‌టౌన్ నుంచి న్యూ బ్రన్స్‌విక్ దాకా ప్రధాన కాలువ 44 మైళ్లు. పెన్సిల్వేనియా బొగ్గు ఈ దారినే న్యూయార్క్ వైపు వెళ్లేది. 1932 తర్వాత సరుకు పడవలు నడవలేదు. ఇప్పుడు స్టేట్ పార్కు కాబట్టి అనుమతి టెన్షన్ లేదు. గోదావరి, కృష్ణా డెల్టాల నుంచి వచ్చినవాళ్లకు లాకులు (పడవల్ని ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే గేట్లు) ఎలా పనిచేస్తాయో వేరే చెప్పక్కర్లేదు. కింగ్‌స్టన్ దగ్గర లాకు, దాన్ని చూసుకునే ఉద్యోగి ఇల్లు రెండూ చూడొచ్చు.
- హెల్మెట్టా. జార్జ్ హెల్మ్ ముక్కుపొడి మిల్లు, దాని చుట్టూ కార్మికుల కోసం కట్టిన ఇళ్లు. ఊరికి ఊరే ఒక కంపెనీ చుట్టూ పెరిగింది. మిల్లు 1993 దాకా నడిచింది. మిల్లు, ఇళ్లు కలిపి చూడగలిగే చోటు కౌంటీలో ఇంత బాగా ఇంకోటి లేదని నా అభిప్రాయం.
- సేర్‌విల్. సేర్ అండ్ ఫిషర్ ఇటుకల కంపెనీ 1850లో మొదలైంది. ఊరి పేరే ఆ కంపెనీ యజమానిది.
- మిల్‌టౌన్. మిషెలిన్ టైర్ల కంపెనీ అమెరికాలో మొదటి ఫ్యాక్టరీని 1907లో ఇక్కడే పెట్టి 1930లో మూసేసింది.
- రారిటన్ ల్యాండింగ్, పిస్కాటవే. బ్రిటిష్ వలస కాలపు రేవు పట్టణం. ఇప్పుడు నేల మీద దాదాపు ఏమీ లేదు, తవ్వకాల్లో బయటపడిందే ఎక్కువ. గట్టు మీద 1741లో కట్టిన కార్నీలియస్ లో ఇల్లు మాత్రం నిలిచి ఉంది, అందులో కౌంటీ మ్యూజియం నడుస్తోంది.
- ఎడిసన్‌లోని పాత ఫోర్డ్ ప్లాంటు స్థలం. 1948 నుంచి 2004 దాకా కార్లు తయారయ్యాయి. భవనం లేదు, కానీ అక్కడ పనిచేసినవాళ్లు ఇంకా ఉన్నారు. మనుషులతో మాట్లాడటం ఇష్టమైతే ఇది మంచి ఎంపిక.

పిల్లలతో చేస్తుంటే కాలువ లేదా హెల్మెట్టా తీసుకోండి. రారిటన్ ల్యాండింగ్ ఓపిక ఉన్న పెద్దలకు.

## 2. పాత పేర్ల జాబితా రాసుకోండి

ఇది అరగంట పని. చేయకపోతే తర్వాత రోజుల తరబడి తప్పు చోట వెతుకుతారు.

ఇప్పటి ఎడిసన్ టౌన్‌షిప్‌కి 1954 దాకా రారిటన్ టౌన్‌షిప్ అని పేరు. పాత పత్రికల్లో, రిజిస్ట్రేషన్లలో ఆ పేరే ఉంటుంది. ఇంకో చిక్కు: హంటర్‌డన్ కౌంటీలో ఇప్పటికీ ఒక రారిటన్ టౌన్‌షిప్ ఉంది, సోమర్‌సెట్ కౌంటీలో రారిటన్ అనే బరో (చిన్న పట్టణం) ఉంది. ఏ కౌంటీ రారిటనో చూడకుండా ఏ ముక్కా నోట్ చేసుకోవద్దు.

సేర్‌విల్ 1876లో సౌత్ ఆంబాయ్ టౌన్‌షిప్ నుంచి విడిపోయింది. అంతకు ముందు కాగితాలు సౌత్ ఆంబాయ్ పేరుతో వెతకాలి. హెల్మెట్టా 1888లో ఈస్ట్ బ్రన్స్‌విక్ నుంచి విడిపోయింది. ఐసెలిన్, ఫోర్డ్స్, కీస్‌బీ, సువారెన్, పోర్ట్ రీడింగ్ అన్నీ వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌లో భాగాలు.

రాసుకోవాల్సినవి:

- [ ] టౌన్ ఇప్పటి పేరు, పాత పేర్లు, ఏ ఏడాది మారింది
- [ ] కంపెనీ పేర్లు వరసగా (ఒకే భవనంలో మూడు నాలుగు కంపెనీలు మారడం మామూలే)
- [ ] వీధి పాత పేరు, ఇంటి నంబర్లు మారాయా
- [ ] దగ్గరి రైల్వే స్టేషన్, రేవు, వాగు పేర్లు
- [ ] టౌన్ పన్ను మ్యాపులో బ్లాకు నంబరు, లాటు నంబరు

చివరిది ముఖ్యం. న్యూజెర్సీలో ప్రతి స్థలానికీ బ్లాకు, లాటు ఉంటాయి. వీధి పేరు మారినా స్థలాన్ని వీటితో పట్టుకోవచ్చు.

## 3. పాత మ్యాపులు: ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి

శాన్‌బోర్న్ మ్యాపులు. అగ్ని ప్రమాద బీమా కంపెనీల కోసం వేసిన మ్యాపులివి. అంగుళానికి 50 అడుగుల స్కేలులో ఉంటాయి. ఏ భవనం దేనితో కట్టారు, ఎన్ని అంతస్తులు, బాయిలర్ ఎక్కడ, నీళ్ల ట్యాంకు ఎక్కడ, రాత్రి కాపలా మనిషి ఉన్నాడా, దీపాలు దేనితో వెలిగేవి అనేవన్నీ ఇందులో దొరుకుతాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు.

చదివే పద్ధతి:

1. ముందు సూచిక షీటు తెరిచి మీ ఫ్యాక్టరీ ఏ షీటులో ఉందో చూసుకోండి.
2. రంగు చూడండి. గులాబీ రంగు ఇటుక, పసుపు చెక్క, నీలం రాయి లేదా కాంక్రీటు, బూడిద రంగు ఇనుప రేకు. చాలా ఫ్యాక్టరీల్లో ప్రధాన భవనం గులాబీ, చుట్టూ షెడ్లు పసుపు. ఈరోజు మిగిలింది గులాబీ రంగుదే అయ్యుంటుంది.
3. భవనం మీద అక్షరాలు చూడండి. డి అంటే నివాసం, ఎస్ అంటే దుకాణం.
4. అదే షీటు తర్వాతి ఏళ్ల ప్రతుల్ని పక్కపక్కన పెట్టి పోల్చండి. ఏది కొత్తగా చేరింది, ఏది పోయింది అన్నది తేదీలతో సహా రాయండి.

రెండు జాగ్రత్తలు. కొన్ని చోట్ల ఇవే మ్యాపులు నలుపు తెలుపు ప్రతుల్లో దొరుకుతాయి. వాటిలో రంగు పోతుంది కాబట్టి సగం సమాచారం పోయినట్టే. రెండోది, పాత షీటు మీద కొత్త కాగితం ముక్కలు అతికించి మ్యాపును సవరించేవారు. అట్ట మీద 1909 అని ఉన్నా లోపల ఉన్నది 1920ల నాటి స్థితి కావచ్చు. అతుకుల గీతలు కనిపిస్తే, సవరణల తేదీ ఎక్కడైనా ఉందేమో వెతకండి.

1930ల నాటి విమాన ఛాయాచిత్రాలు. న్యూజెర్సీ ప్రభుత్వ మ్యాపుల సైట్‌లో రాష్ట్రం మొత్తానికీ ఉన్నాయి. ఇప్పటి చిత్రాన్ని వాటి మీద పెట్టి చూస్తే అసలు కథ తెలుస్తుంది. సేర్‌విల్, వుడ్‌బ్రిడ్జ్, పెర్త్ ఆంబాయ్ ప్రాంతాల్లో తెల్లగా మెరిసే పెద్ద మచ్చలు మట్టి గనులు కావచ్చు. ఆ మట్టే ఇటుకలకు, నిప్పుకు తట్టుకునే ఫైర్ బ్రిక్‌కు, టెర్రకోటాకు (భవనాల నగిషీకి వాడే కాల్చిన మట్టి పలకలు) ఆధారం. ఇప్పుడు అదే చోట చెరువో, అపార్ట్‌మెంట్లో కనిపిస్తాయి.

ఇంకొకటి గమనించండి: రైలు ఒక్కసారిగా మలుపు తిరగలేదు, మెల్లగా వంపు తీసుకుంటూనే తిరుగుతుంది. ఫ్యాక్టరీ లోపలికి వెళ్లే రైలు దారి తీసేసినా, పార్కింగ్ లాటు అంచో, గోదాము గోడో, ఇళ్ల వెనక కంచెల వరసో అదే వంపులో మిగిలిపోతుంది. చుట్టూ అన్నీ తిన్నని గీతలై ఒక్కటే వంపుగా ఉంటే అక్కడ రైలు ఉండేదేమో అని ముందుగా అనుమానించండి.

## 4. కాగితాలు

అన్నీ చూడక్కర్లేదు. ఈ వరసలో చూస్తూ, సరిపడా దొరికిన చోట ఆపండి.

జాతీయ రిజిస్టర్ నామినేషన్ పత్రం. మీ స్థలం నేషనల్ రిజిస్టర్ ఆఫ్ హిస్టారిక్ ప్లేసెస్‌లో, అంటే ఫెడరల్ ప్రభుత్వపు చారిత్రక స్థలాల జాబితాలో ఉంటే సగం పని అయిపోయినట్టే. నామినేషన్ పత్రంలో భవన వర్ణన, చరిత్ర, ఆధారాల జాబితా ఉంటాయి. రాష్ట్ర చారిత్రక పరిరక్షణ కార్యాలయం వాళ్ల ఆన్‌లైన్ మ్యాపు 'లూసీ'లో మీ స్థలం ఉందో లేదో చూడొచ్చు. ఉంటే ఆ ఆధారాల జాబితాతోనే మొదలుపెట్టండి.

హేబ్స్, హేర్ చిత్రాలు. 1933లో భవనాల కోసం, 1969లో ఇంజనీరింగ్ కట్టడాల కోసం ఫెడరల్ ప్రభుత్వం మొదలుపెట్టిన సర్వేలు. కొలతల డ్రాయింగులు, ఫోటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి.

పరిశ్రమల జనగణన. 1850, 1860, 1870, 1880 జనాభా లెక్కలతో పాటు పరిశ్రమల లెక్కలూ తీశారు. ఏడాదికి 500 డాలర్లకు మించి సరుకు తయారుచేసిన ప్రతి సంస్థకూ పెట్టుబడి, పనివాళ్లు, కూలి, ముడిసరుకు, ఆవిరితో నడిచేదా నీటితో నడిచేదా అన్నవి రాశారు. ఇంత వివరం కంపెనీ ప్రకటనల్లో ఎప్పటికీ దొరకదు.

పత్రికలు. పెర్త్ ఆంబాయ్ ఈవినింగ్ న్యూస్ పాత సంచికలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పత్రికల సంగ్రహంలో వెతకొచ్చు. కంపెనీ పేరుతో పాటు 'అగ్ని ప్రమాదం', 'సమ్మె', 'వేలం' లాంటి ఇంగ్లీషు మాటలు కలిపి వెతకండి. ఫ్యాక్టరీ మామూలుగా నడిచిన రోజు వార్త కాదు, తగలబడిన రోజు వార్త.

రిజిస్ట్రేషన్లు. న్యూ బ్రన్స్‌విక్‌లో కౌంటీ క్లర్కు ఆఫీసు చూడాలి. ఇప్పటి యజమాని నుంచి వెనక్కి వెళ్లండి. మన దగ్గర స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు ఒక్కోటి పట్టుకుని వెనక్కి వెళ్తాం కదా, ఇదీ అచ్చం అంతే. ఎక్కడైనా లింకు తెగితే అది వారసత్వమో, కోర్టు వేలమో అయ్యుంటుంది. అప్పుడు వీలునామాలు, కోర్టు రికార్డులు చూడాలి.

రట్గర్స్ యూనివర్సిటీ అలెగ్జాండర్ లైబ్రరీలోని ప్రత్యేక సంగ్రహాల విభాగంలో న్యూజెర్సీ పాత మ్యాపులు, కంపెనీ కాగితాలు ఉంటాయి. వెళ్లే ముందు ఈమెయిల్ పెట్టి ఏ పెట్టెలు కావాలో చెబితే తీసి ఉంచుతారు. పెన్ను తీసుకెళ్లకండి, పెన్సిల్ తీసుకెళ్లండి.

## 5. వెళ్లే ముందు భద్రత, అనుమతి

ఈ భాగాన్ని దాటేయొద్దు. మిగతా కౌంటీల్లో ఏమో గానీ ఇక్కడ ఇది నిజమైన ప్రమాదం.

సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్‌లో కార్నెల్-డుబిలియర్ కంపెనీ 1936 నుంచి 1962 దాకా కెపాసిటర్లు తయారుచేసింది. నేలలోకి, పక్కనున్న బౌండ్ బ్రూక్ వాగులోకి పీసీబీ అనే విష రసాయనాలు చేరాయి. 1998లో అది ఫెడరల్ సూపర్‌ఫండ్ జాబితాకెక్కింది (శుభ్రం చేయాల్సిన తీవ్ర కలుషిత స్థలాల జాబితా). ఓల్డ్ బ్రిడ్జ్‌లోని లారెన్స్ హార్బర్ తీరంలో సముద్రపు గోడకు సీసం కలిసిన చిట్టెం వాడారు. అది 2009లో అదే జాబితాలో చేరింది.

సేర్‌విల్‌లోని మోర్గన్‌లో 1918 అక్టోబర్‌లో గిల్లెస్పీ ఫిరంగి గుండ్ల ప్లాంటు పేలిపోయింది. సౌత్ ఆంబాయ్‌లో 1950 మే 19న రేవులో మందుగుండు పేలి 31 మంది చనిపోయారు. ఎడిసన్‌లో మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పెట్టిన రారిటన్ ఆర్సెనల్ (సైన్యపు ఆయుధాల డిపో) స్థలంలో ఇప్పుడు రారిటన్ సెంటర్ ఆఫీసులు, గోదాములు, మిడిల్‌సెక్స్ కాలేజీ ఉన్నాయి. అక్కడ పాత మందుగుండు వెతికి తీసే పని ఆర్మీ ఇంజనీర్లు ఏళ్ల తరబడి చేశారు.

కాబట్టి:

- [ ] స్థలం పేరు, చిరునామాలతో ఫెడరల్ పర్యావరణ సంస్థ సూపర్‌ఫండ్ పేజీ, రాష్ట్ర పర్యావరణ శాఖ కలుషిత స్థలాల జాబితా చూశారా
- [ ] నేలలోంచి ఏదీ తవ్వొద్దు, తీయొద్దు. తుప్పు పట్టిన లోహపు గొట్టంలాంటిది కనిపిస్తే ముట్టుకోకుండా దూరం జరిగి 911కి ఫోన్ చేయండి
- [ ] పాడుబడ్డ భవనం లోపలికి వెళ్లొద్దు. కుళ్లిన చెక్క నేల, ఆస్‌బెస్టాస్, సీసపు పెయింటు, మూడూ ఒకేచోట ఉండొచ్చు
- [ ] రైలు పట్టాల మీద నడవొద్దు. నార్త్‌ఈస్ట్ కారిడార్‌లో రైళ్లు చప్పుడు వినిపించేలోపు మీద పడతాయి
- [ ] పొడుగు ప్యాంటు, మూసిన బూట్లు. ఇంటికొచ్చాక ఒళ్లంతా గోమార్ల కోసం చూసుకోండి, లైమ్ జబ్బు న్యూజెర్సీలో మామూలే
- [ ] డ్రోన్ ఎగరేయాలంటే ఫెడరల్ విమానయాన సంస్థ నియమాలు పాటించాలి. స్టేట్ పార్కుల్లో అనుమతి లేకుండా నిషేధం, కాలువ గట్టు కూడా అందులోకే వస్తుంది

పబ్లిక్ ఫుట్‌పాత్ మీద నిలబడి భవనం బయటివైపు ఫోటో తీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గేటు దాటాలంటే యజమానికి ముందుగా ఉత్తరం రాయండి. ఎవరు, ఎందుకు, ఏ రోజు, ఎంతసేపు, ఫోటోలు ఏం చేస్తారు అనేవి అయిదు వాక్యాల్లో చెప్పండి. తీసిన ఫోటోలు వాళ్లకీ ఇస్తామని రాయండి. ఒప్పుకునే అవకాశం పెరుగుతుంది.

## 6. చోటు చూసే క్రమం

వెళ్లడానికి సరైన కాలం నవంబర్ చివరి నుంచి మార్చి దాకా. ఆకులు రాలి ఉంటాయి, పునాదులు, గట్లు, కాలువ అంచులు బయటపడతాయి. వేసవిలో అదే చోట పచ్చదనం తప్ప ఏమీ కనిపించదు.

అడుగు 1. కెమెరా తీయకుండా చుట్టూ ఒకసారి నడవండి. శాన్‌బోర్న్ షీటు ప్రింటు చేతిలో ఉండాలి. ఉన్నదాని పక్కన టిక్కు, లేనిదాని పక్కన ఇంటూ పెట్టండి.

అడుగు 2. దూరం నుంచి దగ్గరికి ఫోటోలు. ముందు వీధితో కలిపి మొత్తం, తర్వాత నాలుగు మూలల నుంచి, తర్వాత ఒక్కో ముఖం ఎదురుగా, చివర్లో కిటికీ, తలుపు, ఇటుక, అక్షరాలు. దగ్గరి ఫోటోలో ఒక స్కేలు పెట్టండి.

అడుగు 3. ఫ్యాక్టరీ గుర్తులు వెతకండి:

- రంపపు పళ్లలాంటి పైకప్పు. అద్దం వైపు సాధారణంగా ఉత్తరానికి ఉంటుంది, ఎండ పడకుండా వెలుతురు మాత్రం రావడానికి.
- గోడ మీద నక్షత్రం లేదా గుండ్రటి ఇనుప బిళ్లలు. లోపలి నుంచి గోడల్ని పట్టి ఉంచే ఇనుప కడ్డీల చివర్లు అవి.
- ఇటుకలతో మూసేసిన కిటికీలు, తలుపులు. రెండో అంతస్తులో మూసేసిన పెద్ద తలుపు ఉంటే అది సరుకు ఎక్కించిన చోటు కావచ్చు.
- పొగగొట్టం మొదలు, నీళ్ల ట్యాంకు నిలబడిన ఇనుప కాళ్లు.
- ఇటుకల మధ్య సున్నం దర్జులు (అతుకులు) మెత్తగా, తెల్లగా ఉంటాయి. సిమెంటువి గట్టిగా, బూడిద రంగులో ఉంటాయి. ఒకే గోడలో రెండూ ఉంటే ఎక్కడో మరమ్మతు జరిగింది. గీకి చూడకండి, కంటితో చాలు.

అడుగు 4. ఇటుక మీద ముద్ర. ఈ కౌంటీ ఇటుకల్లో చాలావాటి మీద కంపెనీ పేరో, పొడి అక్షరాలో ఉంటాయి. సేర్ అండ్ ఫిషర్‌ది ఒకటి, వుడ్‌బ్రిడ్జ్ వైపు వాలెంటైన్ ఫైర్ బ్రిక్‌ది మరొకటి. పొద్దున్నే ఏటవాలు ఎండలో ముద్ర స్పష్టంగా వస్తుంది. ఇటుక దొరికినంత మాత్రాన అక్కడ బట్టీ ఉండేదని రాయకండి. ఇటుకలు పడవల్లో, రైళ్లలో దేశమంతా తిరిగాయి. ఇటుక ఎక్కడ తయారైందో ముద్ర చెబుతుంది, ఇక్కడికి ఎందుకొచ్చిందో వేరే ఆధారం చెప్పాలి.

అడుగు 5. అదే రోజు సాయంత్రం ఫైళ్లకు పేర్లు పెట్టండి: తేదీ, స్థలం, వరస నంబరు, ఏ దిక్కుకి తిరిగి తీశారు. వారం ఆగితే దిక్కులు గుర్తుండవు.

## 7. బజారు వీధులకు వేరే చూపు కావాలి

న్యూ బ్రన్స్‌విక్‌లో జార్జ్ స్ట్రీట్, పెర్త్ ఆంబాయ్‌లో స్మిత్ స్ట్రీట్, మెటచెన్‌లో మెయిన్ స్ట్రీట్. ఇలాంటి చోట్ల కింది అంతస్తు ప్రతి అద్దెదారుతోనూ మారుతుంది. పై అంతస్తులు మారవు. రోడ్డుకి అవతలి వైపు నిలబడి తల పైకెత్తి చూడండి. కార్నిస్ (గోడ పైఅంచున ముందుకు పొడుచుకొచ్చిన పట్టీ), కట్టిన తేదీ చెక్కిన రాయి, టెర్రకోటా నగిషీ అక్కడే ఉంటాయి.

పెర్త్ ఆంబాయ్‌లో టెర్రకోటా మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టండి. 1913లో పూర్తయిన న్యూయార్క్ వూల్‌వర్త్ భవనానికి టెర్రకోటా ఇచ్చిన అట్లాంటిక్ కంపెనీకి ఈ ఊళ్లో ఫ్యాక్టరీ ఉండేది. రాయిలా కనిపించేది రాయేనా అని తేల్చడానికి ఒకే నమూనా మళ్లీ మళ్లీ అచ్చుపోసినట్టు వస్తుందా, పెచ్చు ఊడిన చోట లోపల కాల్చిన మట్టి రంగు కనిపిస్తుందా చూడండి.

పక్క గోడల మీద వెలిసిపోయిన పాత ప్రకటనలు వాన పడి గోడ తడిగా ఉన్నప్పుడు బాగా కనిపిస్తాయి.

ఎడిసన్, ఐసెలిన్‌లలో మన భారతీయ దుకాణాలున్న ఓక్ ట్రీ రోడ్డు గురించి ఒక మాట. జాతీయ రిజిస్టర్‌కు మామూలుగా 50 ఏళ్లు నిండాలి. మన దుకాణాలకు ఆ వయసు రాలేదు. అందుకే ఇప్పుడే రికార్డు చేయాలి. బోర్డులు, మెనూలు, మొదటి ఏళ్ల కరపత్రాలు, దుకాణం లోపలి ఫోటోలు ఇప్పుడు దాచకపోతే యాభై ఏళ్లు నిండే నాటికి చూపించడానికి ఏమీ ఉండదు. పక్కపక్క దుకాణాల్ని ఏటా ఒకే నెలలో, ఒకే చోట నిలబడి ఫోటో తీయడం ఎవరైనా చేయగల పని.

## 8. పనిచేసినవాళ్లతో మాట్లాడటం

మ్యాపు, కాగితాలు చూశాకే వెళ్లండి. అప్పుడు "ఏం గుర్తుంది?" అనే బదులు "ఈ షీటులో పడమటి షెడ్డు ఉంది, అందులో ఏం చేసేవారు?" అని అడగగలరు. మ్యాపు ప్రింటు ముందు పెడితే జ్ఞాపకాలు వాటంతట అవే వస్తాయి.

- [ ] రికార్డు చేయడానికి, తర్వాత వాడుకోవడానికి రాతపూర్వక అనుమతి
- [ ] చప్పుడు లేని గది. ఫ్రిజ్, ఫ్యాను చప్పుడు రికార్డింగును చెడగొడతాయి
- [ ] మొదటి ప్రశ్న సులువుగా ఉండాలి: ఏ గేటులోంచి లోపలికి వెళ్లేవారు? షిఫ్టు ఎన్నింటికి?
- [ ] పని గురించి చేతులతో చేసి చూపించమనండి, వీడియో తీయండి
- [ ] వాసన, చప్పుడు, వేడి, గాయాలు, జీతం, యూనియన్, మధ్యాహ్నం తిండి
- [ ] గంట దాటితే ఆపి ఇంకో రోజు వెళ్లండి

వాళ్లు చెప్పిన ఏడాదిని యథాతథంగా రాసి, పక్కన పత్రికలో దొరికిన తేదీ వేరుగా రాయండి. మనిషికి పని గుర్తున్నంత బాగా తేదీ గుర్తుండదు. అంతమాత్రాన చెప్పిన మాట విలువ తగ్గదు.

## 9. ఒక స్థలానికి ఒక షీటు

రెండు పేజీలు దాటనివ్వకండి. ఉండాల్సినవి:

- [ ] పేరు, పాత పేర్లు, చిరునామా, బ్లాకు, లాటు, అక్షాంశ రేఖాంశాలు
- [ ] ఎప్పుడు కట్టారు, ఆ తేదీకి ఆధారం ఏమిటి
- [ ] వాడకం వరసగా: ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఎవరు, ఏం చేశారు
- [ ] ఇప్పుడు మిగిలింది, పోయింది
- [ ] స్థితి: వాడుకలో ఉందా, ఖాళీయా, కూల్చే ప్రతిపాదన ఉందా
- [ ] ప్రతి వాక్యం పక్కన మూడింటిలో ఒక గుర్తు: చూశాను, చదివాను, విన్నాను

ఈ చివరి అలవాటే మీ షీటును నమ్మదగిందిగా చేస్తుంది. పిల్లలకు కూడా మొదటి రోజు నుంచే నేర్పండి.

## 10. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే దారి

ఎడిసన్ టౌన్‌షిప్‌లోని మెన్లో పార్కులో థామస్ ఎడిసన్ ల్యాబు ఇంకా ఉందనుకోవడం. ఆయన 1876లో ఇక్కడికొచ్చారు, 1877లో ఫోనోగ్రాఫ్, 1879లో బల్బు ఇక్కడే పనిచేశాయి. కానీ ల్యాబు ఇక్కడ లేదు. మిగిలిన సామగ్రితో హెన్రీ ఫోర్డ్ 1929లో మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌లో దాన్ని మళ్లీ నిలబెట్టారు. క్రిస్టీ స్ట్రీట్‌లో ఇప్పుడున్నవి 1938లో ప్రారంభమైన స్మారక గోపురం, చిన్న మ్యూజియం. షీటులో 'అసలు స్థలం, తర్వాతి కట్టడం' అని విడిగా రాయండి.

తరలించిన భవనాన్ని అసలు చోటుగా రాయడం. పిస్కాటవేలోని ఈస్ట్ జెర్సీ ఓల్డ్ టౌన్ విలేజ్‌లో ఉన్న ఇండియన్ క్వీన్ టావెర్న్ నిజానికి న్యూ బ్రన్స్‌విక్‌ది. భవనం, స్థలం రెండింటికీ వేర్వేరు షీట్లు రాయండి.

ఊరి గొప్పను పరీక్షించకుండా ఎక్కించడం. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ పీఠంలో మా ఊరి ఇటుకే ఉందని సేర్‌విల్‌లో వింటారు. అలాంటి మాటను 'విన్నాను' గుర్తుతోనే రాయండి. ఆ కాలపు ఒప్పందమో, పత్రిక వార్తో దొరికాకే గుర్తు మార్చండి.

ప్రారంభమైన ఏడాదికీ, కట్టిన ఏడాదికీ తేడా చూడకపోవడం. జాన్సన్ అండ్ జాన్సన్ 1886లో న్యూ బ్రన్స్‌విక్‌లో మొదలైంది, అదీ అంతకుముందే ఉన్న వాల్‌పేపర్ ఫ్యాక్టరీ భవనంలో. కంపెనీ బోర్డు మీద తేదీ భవనానిది కాదు. రెండు తేదీలకూ రెండు ఆధారాలు పెట్టండి.

భవనం మీదే దృష్టి పెట్టడం. కార్మికుల ఇళ్లు, రేవు మెట్లు, రైలు దారి, మట్టి గొయ్యి కూడా స్థలంలో భాగాలే. శాన్‌బోర్న్ షీటు దాటి పక్క షీట్లు నాలుగూ చూడండి.

## 11. పూర్తయ్యాక ఎక్కడ ఇవ్వాలి

ఒక ప్రతి ఊరి లైబ్రరీకి, ఒకటి టౌన్ చరిత్ర సంఘానికి, ఒకటి మీ దగ్గర. ఫోటోల అసలు ఫైళ్లు రెండు వేర్వేరు చోట్ల ఉంచండి. షీటు తెలుగులో రాసుకున్నా లైబ్రరీకి ఇచ్చే ప్రతి ఇంగ్లీషులో ఉండాలి. తెలుగు ప్రతి కూడా జత చేయండి, తీసుకుంటారు.

స్థలం రిజిస్టర్‌కు అర్హమనిపిస్తే రాష్ట్ర పరిరక్షణ కార్యాలయానికి ప్రాథమిక దరఖాస్తు పంపొచ్చు. మీ షీటు, మ్యాపులు, ఫోటోలే అందులో ముఖ్య భాగం. జాతీయ రిజిస్టర్‌లో చేరినంత మాత్రాన ప్రైవేటు యజమాని తన సొంత డబ్బుతో భవనం మార్చుకోవడాన్ని, కూల్చుకోవడాన్ని ఎవరూ ఆపలేరు. ఆ అధికారం ఉండేది టౌన్ చేసే పరిరక్షణ ఆర్డినెన్సుకు. అందుకని మీ టౌన్‌లో పరిరక్షణ కమిషన్ ఉందో లేదో ముందు కనుక్కోండి. ప్లానింగ్ బోర్డు సమావేశాల అజెండా టౌన్ వెబ్‌సైట్‌లో ముందే పెడతారు. మీ బ్లాకు, లాటు నంబర్లు అందులో వచ్చాయేమో ప్రతి నెలా చూడండి. వస్తే ఆ సాయంత్రం షీటు ప్రతులు బోర్డు సభ్యులందరికీ సరిపడా ప్రింటు తీసుకుని వెళ్లి, ప్రజలు మాట్లాడే సమయంలో పేరు, ఊరు చెప్పి ఇవ్వండి.